మిద్దె కింద ఉంటూనే దూలాలు మార్చడం



నేను పావగడ తాలూకాలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం, విజ్ఞానం చెప్పే ఉపాధ్యాయినిని. బళ్లో పాఠం కన్నడంలో చెబుతాను, ఇంట్లో తెలుగు మాట్లాడతాను. మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఈనాటి ప్రసంగం కంప్యూటరును గురించి. ఆ మాట వినగానే రేడియో కట్టేయవద్దని మనవి. మీ ఇంట్లో కంప్యూటరు లేకపోయినా, మీ పిల్లల బళ్లోనో, మీ పంచాయతీ ఆఫీసులోనో ఒకటి ఉండే ఉంటుంది. అందులో మీకు సంబంధించిన కాగితం ఒకటైనా ఉంటుంది.

మా బళ్లో పదకొండు కంప్యూటర్లున్నాయి. అన్నిట్లోనూ లైనక్స్ అనే వ్యవస్థ, అందులో ఉబుంటు అనే రకం ఉంది. చాలాకాలంగా వాటిని తెరిచినప్పుడల్లా తెరమీద ఒక చిన్న పెట్టె కనిపించేది. "కొత్త విడుదల వచ్చింది, మారతారా?" అని అడిగేది. దాని కింద మూడు బొత్తాలు. ఒకటి "వద్దు", ఒకటి "తరువాత అడుగు", ఒకటి "సరే, ఇప్పుడే". నేను రెండేళ్లకు పైగా ఆ మధ్య బొత్తామే నొక్కుతూ వచ్చాను. పిల్లలకు కూడా అదే నొక్కమని నేర్పాను. వద్దు అనడానికి మనసొప్పదు, సరే అనడానికి ధైర్యం చాలదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు "ఆలోచించి చెప్తాం" అని చెప్పి పంపినట్లు.

ఇంతకీ ఆ పెట్టె అడిగేది ఏమిటి? మన ప్రాంతపు మట్టి మిద్దెలు మీకు తెలుసు. అడుగున దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఏటా వానలకు ముందు మిద్దెమీదికి నాలుగు గంపల చవుడు ఎత్తించి సమంగా పరిపించేవాళ్లు మన పెద్దలు. ఎక్కడైనా సన్నని చీలిక ఉంటే అది పూడిపోయేది. కంప్యూటరులో తరచుగా వచ్చే "అప్‌డేట్లు" ఈ చవుడు లాంటివి. ఉన్న ఇల్లు ఉన్నట్లే ఉంటుంది, చీలికలు మాత్రం పూడతాయి. "అప్‌గ్రేడ్" అంటే దూలాలు, దంతెలు మార్చడం. అదీ సామాను బయట పెట్టకుండా, ఇంట్లో కాపురం ఉంటూనే మార్చడం. చవుడు పోయడానికి పూట చాలు. దూలం మార్చడానికి మేస్త్రి కావాలి, మంచి రోజు చూసుకోవాలి, ఇంట్లోవాళ్లంతా జాగ్రత్తగా ఉండాలి.

లైనక్స్ సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1991 ఆగస్టు 25న ఫిన్లండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను సరదాకు ఒక వ్యవస్థ రాస్తున్నానని ప్రకటించాడు. దానికి ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా వాడుకోగల, ఎవరైనా మార్చుకోగల ప్రోగ్రాములు రాసే పనికి పూనుకున్నాడు. ఆ రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయింది. దాన్ని మనలాంటివాళ్లు తేలిగ్గా వాడుకునేలా సర్ది, మూటకట్టి ఇచ్చేవాళ్లు కొందరు బయలుదేరారు. 1993లో మొదలైన డెబియన్ అలాంటి మూట. డెబియన్ మీద కట్టినది ఉబుంటు. దక్షిణాఫ్రికావాడైన మార్క్ షటిల్‌వర్త్ చొరవతో 2004 అక్టోబరులో అది మొదటిసారి విడుదలైంది. నేను బీఎడ్ ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎవరు కోరినా దాని సీడీని తపాలా ఖర్చులు కూడా తీసుకోకుండా ఇంటికి పంపేవాళ్లు. మా ఊరి పోస్టుమాను ఆ అట్టకవరు తిప్పి తిప్పి చూసి, "ఏమ్మా, ఫారిన్ నుంచి వచ్చింది, పైసా కట్టే పని లేదంట" అని ఆశ్చర్యపోయాడు. ఆ సీడీలు పంపడం 2011లో ఆపేశారు.

ఉబుంటు విడుదలలకు పెట్టే అంకెలు నాకు గణితం టీచరుగా బాగా నచ్చుతాయి. 24.04 అంటే 2024వ సంవత్సరం నాలుగో నెల, అంతే. పెద్ద అర్థమేమీ లేదు. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి వస్తాయి. ఒక్క 2006లో మాత్రం పని తెమలక ఏప్రిల్‌ది జూన్‌కు జరిగి 6.06 అయింది. వీటిలో సరిసంఖ్య సంవత్సరాల ఏప్రిల్ విడుదలలు దీర్ఘకాలానివి. వాటికి అయిదేళ్లపాటు చవుడు పోస్తారు. మిగిలినవాటికి తొమ్మిది నెలలే. బడికైనా, పంచాయతీకైనా, అంగడికైనా ఆ తొమ్మిది నెలల రకం వద్దే వద్దు. ఏడాదిలోపే మళ్లీ దూలాలు మార్చే ఓపిక ఎవరికుంటుంది?

మా బడిలో ఉన్నది 20.04. దాని అయిదేళ్ల గడువు 2025 మే 31తో ముగిసింది. వేసవి సెలవులు అయి బడి తెరిచేసరికి మా పదకొండు యంత్రాలూ చవుడు లేని మిద్దెలైపోయాయి. ఉబుంటు ప్రో అని ఒక ఏర్పాటు ఉంది. పేరు నమోదు చేసుకుంటే మరో అయిదేళ్లు రక్షణ ఇస్తారు. వ్యక్తిగత వాడకానికి అయిదు యంత్రాలదాకా అది ఉచితం. మీ ఇంట్లో ఒకటో రెండో ఉంటే ఆ దారి చూసుకోవచ్చు, తప్పు లేదు. మావి పదకొండు, పైగా బడివి. కాబట్టి మాకు ఆ దారి లేదు.

"గడువు ముగిస్తే ముగిసింది, యంత్రం నడుస్తోంది కదా" అని మా బళ్లోనే ఒకరిద్దరు అన్నారు. మీకూ అనిపించవచ్చు. నడుస్తుంది, నిజమే. చీలిక పడ్డ మిద్దె కూడా వాన వచ్చేదాకా బాగానే ఉంటుంది. ఒక ఉదాహరణ చెబుతాను. లైనక్స్ వ్యవస్థల్లో సాధారణంగా ఉండే ఒక చిన్న ప్రోగ్రాములో 2009 నుంచి ఒక తప్పు దాగి ఉంది. దాని గుట్టు తెలిసినవాడు, మామూలు వాడుకరిగా లోపలికి వచ్చి, క్షణంలో ఆ యంత్రానికంతటికీ యజమాని అయిపోగలడు. పన్నెండేళ్లకు పైగా అది అలాగే ఉండిపోయింది. 2022 జనవరి 25న దాన్ని బయటపెట్టారు, వెంటనే సవరణ కూడా వచ్చింది. గడువులో ఉన్న యంత్రాలకు ఆ సవరణ దానంతట అదే చేరింది. మా బడిలో ఒక్కొక్క యంత్రం దగ్గర రోజుకు నలభైమంది పిల్లలు కూర్చుంటారు. వాళ్లలో కొందరు నాకంటే చురుకైనవాళ్లు. మార్కుల పట్టికలున్న యంత్రానికి అలాంటి చీలిక ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మాట లైనక్స్‌కే కాదు. మన ఇళ్లల్లో ఎక్కువగా ఉన్న విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు గడువు ముగిసింది. కొత్త విండోస్‌కు తమ పాత యంత్రం సరిపోక ఈ లైనక్స్ వైపు చూస్తున్నవాళ్లు మన తాలూకాల్లో కూడా ఉన్నారు.

అలాగని విడుదలైన రోజే ఎగబడి మార్చుకోవడం కూడా నాకు నచ్చదు. 2024లో జరిగింది చూడండి. ఆ ఏడాది మార్చి నెలాఖరున ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే! మనమైతే పట్టించుకోం. ఆయన పట్టు వదలక తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఒక చిన్న ప్రోగ్రాములో ఎవరో నమ్మకంగా ఏళ్లపాటు పనిచేసి, చివరకు దొంగదారి ఒకటి పెట్టిన సంగతి బయటపడింది. అప్పటికి 24.04 తయారీలో ఉంది. ఆ దొంగదారి చేరిన తరువాత కట్టిన భాగాలన్నిటినీ తయారుచేసేవాళ్లు మళ్లీ కట్టారు. పరీక్షకు ఇచ్చే ప్రతి ఒక వారం ఆలస్యమైంది. అసలు విడుదల మాత్రం ఏప్రిల్ 25న చెప్పిన రోజుకే వచ్చింది. ఆ తరువాత, పాత దీర్ఘకాలపు విడుదలలో ఉన్నవాళ్లను వెంటనే పిలవరు. మొదటి సవరణ ప్రతి, అంటే 24.04.1, వచ్చాకే ఆ పెట్టె మన తెరమీదికి వస్తుంది. అది 2024 ఆగస్టు 29న వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే, మార్చే పనిముట్టులోనే పెద్ద తప్పుందని తెలిసి పిలుపును కొన్నాళ్లు ఆపేశారు కూడా. కాబట్టి కొత్త విడుదల వచ్చాక నాలుగైదు నెలలు ఆగడం పిరికితనం కాదు. నాలాగా ఏళ్ల తరబడి ఆగడం మాత్రం సోమరితనమే.

ఇంకొక సంగతి. 20.04 నుంచి నేరుగా 24.04కు దూకడానికి లేదు. మధ్యలో 22.04 అనే మెట్టు ఎక్కి, అక్కడ కుదురుకుని, తరువాతి మెట్టు ఎక్కాలి. ఆలస్యం చేసినకొద్దీ మెట్లు పెరుగుతాయి. మెట్టుకు ఒక గిగాబైటుకు పైగా నెట్టులోంచి దిగుమతి కావాలి. మా బడి నెట్టుకు ఒక్కో యంత్రానికి ఒక్కో మెట్టుకు మధ్యాహ్నమంతా పట్టింది.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు చెబుతాను. ఇది కాస్త నిదానంగా వినండి.

యంత్రంలో మెమరీ ఎంతుందో చూడండి. 24.04కు 4 గిగాబైట్ల మెమరీ, 25 గిగాబైట్ల డిస్కు జాగా కావాలని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. మా పదకొండులో రెండింటికి 2 గిగాబైట్లే ఉంది. వాటిని ఈ బరువు మోయించకుండా లుబుంటు అనే తేలికరకం వేశాను. తేలికరకాలకు రక్షణ అయిదేళ్లు కాదు, మూడేళ్లే అని గుర్తుంచుకోండి. తరువాత, డిస్కులో "బూట్" అనే చిన్న గది వేరుగా ఉంటే అది నిండిపోయి ఉండవచ్చు. పాత కెర్నెళ్లు అక్కడ పేరుకుపోతాయి, పెరట్లో విరిగిన నాగళ్లు పేరుకున్నట్లు. చోటు చాలకపోతే మార్పు మొదలే కాదు. అక్కరలేనివాటిని తీసెయ్యమని ఒక ఆజ్ఞ ఇస్తే యంత్రమే ఊడ్చి పెడుతుంది. బయటివాళ్ల దగ్గర తెచ్చుకున్న ప్రోగ్రాములు ఏమైనా ఉంటే వాటి జాబితా రాసిపెట్టుకోండి. మార్పు సమయంలో ఆ బయటి దారులన్నీ మూసేస్తారు, తరువాత మనమే చూసి తెరుచుకోవాలి.

కొత్త విడుదలను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా ఆ పెన్‌డ్రైవు నుంచే యంత్రాన్ని నడిపి చూడవచ్చు. తెర సరిగా వస్తోందా, నెట్టు అందుతోందా, స్పీకరు పలుకుతోందా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. ఈ పెన్‌డ్రైవును పారేయకండి. దాని అవసరం ఏమిటో ముందు ముందు చెబుతాను.

ఇక నకళ్లు. మన ఫైళ్లు సాధారణంగా "హోమ్" అనే చోట ఉంటాయి. మార్పు జరిగేటప్పుడు ఆ చోటును ముట్టుకోరు. అయినా నకలు తీయాల్సిందే. తీసేటప్పుడు ఒక మెలిక ఉంది. చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు, సంచులు మామూలుగా కంటికి కనిపించవు. కంట్రోల్, హెచ్ కీలు కలిపి నొక్కితే కనిపిస్తాయి. మనలో చాలామంది పాత పద్ధతిలో, అంటే కన్నడానికి నుడి, తెలుగుకు అను వంటి ఫాంట్లతో టైపుచేసిన కాగితాలు దాచుకుని ఉంటాం. ఆ ఫాంటు లేకపోతే ఆ కాగితం పిచ్చిగీతలే. ఆ ఫాంట్లు తరచుగా ఈ కనిపించని సంచుల్లోనే ఉంటాయి. కాబట్టి వాటిని కూడా నకలు తీయండి.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఏం జరిగిందో చెబుతాను.

మా బడి పిల్లలు 2021 నుంచి ఒక పని చేస్తూ వచ్చారు. వాళ్ల అవ్వల, తాతల మాటలు రికార్డు చేయడం. మా పక్క తెలుగు అటు అనంతపురం తెలుగూ కాదు, ఇటు కన్నడమూ కాదు. అందులో ఇప్పుడు పనిలేక రాలిపోతున్న మాటలెన్నో ఉన్నాయి. కపిల, బాన, గాదె, ఒడిసెల వంటివి మా పిల్లలకు వస్తువులుగా తెలియవు, మాటలుగానే మిగిలాయి. మైకు పెట్టి, ఒక్కొక్కరితో అయిదారు నిమిషాలు మాట్లాడించి, ఆడాసిటీ అనే ప్రోగ్రాములో దాచారు. అలా నూటనలభై రికార్డులు చేరాయి. అన్నీ ఒకే యంత్రంలో ఉన్నాయి. మాట్లాడినవాళ్లలో తొమ్మండుగురు ఈ నాలుగేళ్లలో కాలం చేశారు.

2025 సెప్టెంబరులో ఒక శనివారం. పొద్దుటి బడి ముగిసింది. ఆ యంత్రాన్ని అప్పటికే 22.04 మెట్టు ఎక్కించి ఉన్నాను, రెండో మెట్టు మిగిలింది. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి అడిగాను: "ఏమప్పా, అవ్వావాళ్ల మాటలన్నీ పెన్‌డ్రైవులో వేసినావా?" "అన్నీ ఏసినాను మిస్, నూటానలభై. లెక్కబెట్టినాను" అన్నాడు. నేనూ తెరిచి చూశాను. నూటనలభై ఫైళ్లున్నాయి. పేర్లన్నీ సరిగా ఉన్నాయి. సరే అనుకుని ఆ మూడో బొత్తాం నొక్కాను.

మార్పు అంచెలంచెలుగా సాగుతుంది. మొదట సిద్ధం కావడం, తరువాత కొత్త భాగాలు దిగుమతి కావడం, ఆపైన వాటిని అమర్చడం, చివర పాతవి ఊడ్చేయడం. దిగుమతి అయ్యేదాకా ఎప్పుడైనా ఆపవచ్చు, నష్టం లేదు. అమర్చడం మొదలయ్యాక ఆపకూడదు. అప్పటికి పాత దూలం తీసి ఉంటారు, కొత్తది ఇంకా ఎక్కి ఉండదు. మధ్యలో ఒకటి రెండుసార్లు యంత్రం మనల్ని ప్రశ్నలు అడుగుతుంది. "ఈ అమరిక ఫైలును మీరు మార్చుకున్నారు, మీదే ఉంచాలా, కొత్తది వేయాలా?" అని. తెలియకపోతే మీదే ఉంచమనండి.

సరిగ్గా అమర్చడం సగం అయ్యేసరికి గాలివాన వచ్చింది. రెండు ఉరుములు, కరెంటు పోయింది. దేశంలోనే పేరున్న రెండువేల మెగావాట్ల సోలారు పార్కు మా తాలూకాలో తిరుమణి దగ్గరే ఉంది. కానీ చెట్టుకొమ్మ తీగమీద పడితే ఏ పార్కు ఏం చేస్తుంది? యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ పాతది, నాలుగు నిమిషాలు కూసి చచ్చిపోయింది. తెర నల్లబడింది.

రాత్రి ఏడుకు కరెంటు వచ్చింది. యంత్రం వేస్తే బొమ్మ రాలేదు. తెల్లని అక్షరాల వరసలు కొన్ని వచ్చి అక్కడే నిలబడిపోయాయి. ఫరవాలేదు, పెన్‌డ్రైవులో నకళ్లున్నాయి కదా అని ఇంటికి తెచ్చుకుని నా లాప్‌టాప్‌లో పెట్టాను. ఏ ఒక్కటీ పలకలేదు.

అప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. ముందే వేసి ఉండాల్సిన లెక్క. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 4 బైట్లు. అంటే నిమిషానికి పది మెగాబైట్లకు పైన. ఆరు నిమిషాల చొప్పున నూటనలభై రికార్డులంటే దాదాపు తొమ్మిది గిగాబైట్లు. పెన్‌డ్రైవులో ఉన్నదంతా కలిపితే ఒకటిన్నర మెగాబైటు. ఆడాసిటీ పాత రకంలో, ఒక రికార్డును దాస్తే రెండు తయారవుతాయి. ఒకటి ఏ-యూ-పీ అనే తోకతో చిన్న ఫైలు. దాని పక్కనే, అదే పేరుకు "డేటా" అని చేర్చిన ఒక సంచి. గొంతు ఉండేది సంచిలో. ఫైలులో ఉండేది, ఏ ముక్క తరువాత ఏ ముక్క అనే చిట్టా మాత్రమే. మా పిల్లవాడు చిట్టాలన్నీ శ్రద్ధగా నకలు తీశాడు, సంచులు వదిలేశాడు. వాడి తప్పేమీ లేదు. లెక్కబెట్టినవాణ్ణి నమ్మి, వినకుండా వదిలేసింది నేను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పడానికి సిగ్గుపడను. తొమ్మండుగురి గొంతులు. అందులో ఆ పిల్లవాడి అవ్వది ఒకటి.

ఆదివారం పొద్దున్నే బడి తాళం తీయించి వెళ్లాను. శ్రోతలు ఇక్కడ ఒక్కటి గమనించాలి. ఇలాంటప్పుడు మన చెయ్యి ఊరుకోదు. ముందు యంత్రాన్ని బాగుచేద్దాం అని ఏదో ఒకటి నొక్కుతాం. కొందరు మొత్తం తుడిచి కొత్తగా వేయమని సలహా కూడా ఇస్తారు. నాకు ఫోనులో అలాంటి సలహాలు రెండు అందాయి. అలా చేస్తే ఉన్నదీ పోయేది. బాగుచేయడం తరువాత, ముందు సామాను బయటికి తీయాలి. ఇందాక పారేయవద్దన్నానే, ఆ పెన్‌డ్రైవు అప్పుడు పనికొచ్చింది. దానితో యంత్రాన్ని నడిపాను. చూసి పోదాం అన్న బొత్తాం నొక్కాను, ఎక్కించు అన్నది నొక్కలేదు. లోపలి డిస్కు ఒక బొమ్మగా కనిపించింది. తెరిస్తే హోమ్, అందులో పిల్లల సంచి, అందులో నూటనలభై చిట్టాలు, నూటనలభై డేటా సంచులు. అన్నీ ఉన్నాయి. బయటి డిస్కులోకి నకలు తీయడానికి ముప్పావుగంట పట్టింది. ఈసారి లెక్కతో పాటు బరువూ చూశాను, తొమ్మిది గిగాబైట్లకు కాస్త తక్కువ. నాలుగైదు సంచుల్లో ముక్కలు తెరిచి విన్నాను కూడా.

ఆపైన బాగుచేయడం అంత కష్టం కాలేదు. యంత్రం మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ కీ నొక్కితే ఒక పట్టీ వస్తుంది. కొన్ని యంత్రాల్లో షిఫ్ట్ నొక్కాలి. అందులో ముదిరిన ఏర్పాట్లు, వాటిలో రికవరీ అనేది ఎంచుకుంటే ఇంకొక పట్టీ. నెట్టు కలుపుకుని, విరిగిన భాగాలు సవరించు అన్న వరస ఎంచుకున్నాను. సగంలో ఆగిన అమరికను అది ఆగినచోటినుంచే అందుకుని, నలభై నిమిషాలపాటు వరసలు వరసలుగా ఏదో రాసుకుంటూ పోయి, ఆగింది. మళ్లీ వేస్తే 24.04 తెర వచ్చింది. ఇలా అన్నిసార్లూ బాగుపడుతుందని చెప్పలేను. బాగుపడకపోయినా నాకు అప్పటికి భయం లేదు, సామాను బయట ఉంది కాబట్టి.

మార్పు తరువాత చిన్న చిన్న చికాకులు కొన్ని ఉంటాయి. మా ప్రింటరు అలిగింది. దానికి కావలసిన ఒక ముక్కను కొత్త ప్రతికి తగినట్లు మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే మూటలో వస్తుంది. మొదటిసారి తెరుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంటే యంత్రం పాడైందని కంగారు పడకండి. కీబోర్డు పట్టీలో కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. విండోస్ గుర్తున్న కీ, స్పేస్ కలిపి నొక్కితే ఒకదానినుంచి ఒకదానికి మారతాయి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకున్నవాళ్లకు మన సరిహద్దు జిల్లాల్లో గొప్ప సౌకర్యం ఉంది. కన్నడపు క ఏ కీలో ఉందో తెలుగు క కూడా అదే కీలో ఉంటుంది. ఒక లిపిలో చెయ్యి తిరిగితే రెండోది ఉచితం. యూనికోడ్‌లో కూడా ఈ రెండు లిపులూ పక్కపక్క ఇళ్లే. తెలుగు అక్షరపు సంఖ్యకు 128 కలిపితే దానికి సరిపడే కన్నడ అక్షరం వస్తుంది. మా తొమ్మిదో తరగతికి సంకలనం లెక్కగా ఇది ఇచ్చాను, బాగా సంబరపడ్డారు.

మేలు కూడా ఒకటి జరిగింది. ఆడాసిటీ 2021లో వచ్చిన 3.0 నుంచి పద్ధతి మార్చింది. చిట్టా, సంచి రెండూ కాకుండా అంతా ఒకే ఫైలుగా దాస్తుంది. 24.04తో మాకు ఆ కొత్త రకం వచ్చింది. పాత రికార్డు తెరిస్తే అదే కొత్త పద్ధతికి మార్చి ఇస్తుంది, మనం దాచుకుంటే చాలు. అది కాక, ఏ ప్రోగ్రాములోనైనా పలికేలా ఒక్కొక్కదానికి వేవ్ ఫైలు కూడా తీయిస్తున్నాను. ఇప్పుడు మొత్తం సామాను మూడుచోట్ల ఉంది. బడి యంత్రంలో ఒకటి, బీరువాలోని బయటి డిస్కులో ఒకటి, మా ఇంట్లో ఒకటి. పిల్లలకు పెట్టిన కొత్త నియమం కూడా ఒకటుంది. నకలు తీసినవాడు వేరే యంత్రంలో అది తెరిచి, ఒక నిమిషం విని, పుస్తకంలో సంతకం చేయాలి.

సోమవారం పొద్దున ఆ పిల్లవాణ్ణి పిలిచి, వాడి అవ్వ రికార్డు తెరవమన్నాను. కపిల తోలిన రోజుల సంగతి చెప్పడానికి కూర్చున్న అవ్వ అది. చిన్న గరగర శబ్దం తరువాత ఆమె గొంతు వచ్చింది. "ఆ మిషన్ని అట్ల పక్కన పెట్టప్పా, అప్పుడు చెప్తాను" అంటోంది. వాడు నవ్వాడు, తరువాత తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

మా పదకొండులో రెండు యంత్రాలు ఇంకా 22.04 మెట్టుమీదే ఉన్నాయి. దాని అయిదేళ్ల గడువు 2027దాకా ఉంది కాబట్టి తొందర లేదు. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వచ్చాకే వాటిని ముట్టుకుంటాను.